టీడీఎస్ అంటే పన్ను కోత కాదురా అబ్బాయ్

కూర్చో నాయనా, టోకెన్ వచ్చిందిగా, ఇక నీకేం పని లేదు. గోడకున్న గళ్ళబొమ్మకి ఫోను చూపించావు, నీ పేరూ వయసూ ఊరూ గాల్లో ఎగురుకుంటూ లోపలికెళ్ళిపోయాయి. ఎవరబ్బాయివో, ఆ దగ్గు ఎన్నాళ్ళ నించో నేనడిగితే 'ప్రైవసీ తాతగారూ' అంటారు. మా రోజుల్లో ఆ ముక్క లేదు. ఈ బల్ల మీద కూర్చున్న పదిమందికీ పదిమంది జబ్బులూ తెలిసేవి. సగం జబ్బులు డాక్టరుదాకా పోకుండా ఈ బల్ల మీదే తేలిపోయేవి. తేలిపోయాయో ముదిరాయో మరి, వాళ్ళు మళ్ళీ వచ్చేదాకా తెలిసేది కాదనుకో.

పెద్ద డాక్టరుగారి దగ్గర నేను కాంపౌండరుగా చేరింది 1968లో, ఈ తెనాలిలోనే, ఈ గదిలోనే. ఇప్పుడు లోపలున్నది ఆయన కూతురు. కాంపౌండరంటే ఏమిటో నీకు తెలీదులే. మొన్నొకడు 'కాంపౌండు గోడ కట్టేవాళ్ళా?' అని అడిగాడు. మందు కొనుక్కోవడం కాదురా అప్పట్లో, కలుపుకోవడం. నా వెనక అల్మరాలో పెద్ద సీసాలు, ముందు కొలగ్లాసు, పక్కన కల్వం. ఔన్సులు, డ్రాములు, గ్రెయిన్లు. కడుపుబ్బరానికి కార్మినేటివ్ మిక్స్చరు, జ్వరానికి పొట్లాలు. సీసా మాత్రం రోగే ఇంటి నించి తెచ్చుకోవాలి. కొందరు ఆముదం సీసా పట్టుకొచ్చేవాళ్ళు, అది కడగలేక చచ్చేవాణ్ణి. మందు పోశాక సీసా పక్కన పళ్ళు పళ్ళుగా కత్తిరించిన కాగితం ముక్క అంటించేవాణ్ణి, ఒక్కో పన్నూ ఒక్కో మోతాదు. అక్షరమ్ముక్క రాని ముసలమ్మ కూడా వేలు పెట్టి చూసుకుని 'ఇంకా మూడున్నాయి కాంపౌండరుగారూ' అనేది. ఇప్పుడు అలాంటి ముసలమ్మ వస్తే మందుల చీటీ పీడీఎఫ్ అయి మనవడి ఫోనుకి పోతుంది. మనవడు హైదరాబాదులో ఉంటాడు. మాత్రలు ఆవిడ దగ్గర, ఏది ఎప్పుడు మింగాలో ఆ సంగతి వాడి దగ్గర.

ఇక చీటీ సంగతి. పెద్ద డాక్టరుగారి రాత, దమ్ము చేసిన మడిలో కొంగ నడిచిపోయినట్టుండేది. దాన్ని చదవగలిగినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అని నా నమ్మకం. బీడీ అంటే కాల్చేది కాదు, రోజుకి రెండుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకోబోయేముందు. టీడీఎస్ అంటే మూడుసార్లు. లాటిన్ ముక్కలు, దొరలు వదిలిపోయినవి. రిటైరైన మేష్టారొకాయన చీటీ మీద టీడీఎస్ చూసి 'నా పింఛన్లో పన్ను కోసింది చాలక మందులో కూడానా!' అని బల్ల గుద్దాడు. ఆయనకి కాఫీ ఇప్పించి, కూర్చోబెట్టి, అది వేరు ఇది వేరు అని చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు మిషన్లోంచి 'ఉదయం 1, రాత్రి 1, భోజనం తర్వాత' అని శుభ్రంగా తెలుగులో అచ్చయి వస్తోంది. మేష్టారికి కోపం రాదు, నాకు కాఫీ రాదు.

అసలు గుండ్రంగా రాసే డాక్టర్ని చూస్తే మాకు అనుమానంగా ఉండేది, ఏ కరణం కొడుకో దారితప్పి వైద్యంలోకి వచ్చాడని. అట్లాంటిది, 2016లో మెడికల్ కౌన్సిల్ వాళ్ళు మందుల పేర్లు చదవగలిగేట్టు, వీలైతే ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో, అదీ కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరే రాయాలని రూలు పెట్టారు. 2025లో పంజాబు, హర్యానా హైకోర్టయితే చదవగలిగే చీటీ రోగి ప్రాథమిక హక్కు అనేసింది. మాట్లాడే హక్కు, బతికే హక్కు, వాటి పక్కన ఇదొకటి. నా యాభై ఏళ్ళ విద్య రాజ్యాంగవిరుద్ధమని తేలింది.

మూడేళ్ళ కిందట ఒక కుర్రాడు వీపున సంచీతో దిగాడు. క్లినిక్కుల్ని కంప్యూటరుకెక్కించడమే వాడి పనట. పదకొండు రోజులున్నాడు. మంచివాడే, మా ఇంట్లో పప్పుచారు రెండుసార్లు పోయించుకున్నాడు. వాడు చెప్పిందేమిటంటే, 2021 సెప్టెంబరు 27న ఢిల్లీలో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అని మొదలుపెట్టారు, దాని కింద దేశంలో ప్రతివాడికీ 'ఆభా' అని ఒక నంబరు. పద్నాలుగంకెలు! ఫోనుకి పదంకెలు చాలాయి, రైలింజనుకి అయిదే చాలాయి, ఈ బక్కప్రాణానికి పద్నాలుగు కావాలా? ఆస్పత్రికొక నంబరు, డాక్టరుకొక నంబరు. 'మరి కాంపౌండరుకో?' అన్నాను. వాడు ల్యాప్‌టాప్‌లో చాలాసేపు వెతికి 'పప్పుచారు బాగుంది తాతగారూ' అన్నాడు.

ఎక్కించడం మొదలైంది. మొట్టమొదటి గడిలోనే చిక్కు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. మనకి ఇంటిపేరే ముందు గదా, అది లాస్టు ఎట్లా అవుతుంది? ఒక్క కొలకలూరు నించే మాకు నలుగురు వెంకటేశ్వర్లు. గజ్జి వెంకటేశ్వర్లు, సైకిలు వెంకటేశ్వర్లు, ఉబ్బసం వెంకటేశ్వర్లు, బాకీ వెంకటేశ్వర్లు. నాకు తికమకే లేదు. కంప్యూటరు మాత్రం నలుగుర్నీ చూసి ఒకడే అంది. పుట్టినతేదీ బట్టి విడదీద్దామని చూస్తే నలుగురూ జూలై ఒకటినే పుట్టారు. బళ్ళో చేర్చుకున్న మేష్టారు ఎవరి పుట్టుకా తెలీక వేసిన తేదీ అది. ఆ మాటకొస్తే నాదీ అదే.

తర్వాత జబ్బు గడి. ఏదో ఒకటి రాస్తే ఒప్పుకోదు, జాబితాలోంచి ఏరుకోవాలి. స్నోమెడ్ అని ప్రపంచమంతటికీ ఒకే జాబితా అట, లక్షల్లో పదాలట. సరే, అమృతలూరు నించి ఒకాయన వచ్చి 'వేడి చేసింది' అన్నాడు. కొట్టమన్నాను. కుర్రాడు జ్వరమా అన్నాడు. కాదు. వడదెబ్బా? కాదు. మూత్రంలో మంటా? కొంచెం అదీ, కొంచెం నోటిపూతా, నిన్న తిన్న మామిడిపండూ, మనిషి చిరాకూ, అన్నీ కలిపి వేడి చేయడం. తెలుగు దేశంలో పుట్టిన ప్రతివాడికీ ఏడాదికోసారైనా వచ్చే జబ్బు. ఆ జాబితాలో లేదు. అమెరికాలో ఇంకో జాబితా ఉందని మా మేనల్లుడు చెప్పాడు, అందులో తాబేలు కరిస్తే ఒక నంబరుందట. తాబేలు కరిచినవాణ్ణి నా జన్మలో చూళ్ళేదు. వేడి చేసినవాళ్ళు ఈ బల్లకి పట్టకుండా ఉండేవాళ్ళు.

ఆ మేనల్లుడు, మా అక్క కొడుకు, అక్కడొక చిన్న ఊళ్ళో డాక్టరు. ఈ గొడవంతా వాళ్ళు మనకంటే ముందే పడ్డారు. 2009లో చట్టం తెచ్చి, కంప్యూటరు రికార్డులు పెట్టి నిజంగా వాడే డాక్టరుకి మెడికేర్ అనే సర్కారు ఆరోగ్యబీమా తరఫున అయిదేళ్ళలో 44,000 డాలర్లదాకా ఇస్తామన్నారు. చిన్న డాక్టర్లకి చెయ్యి పట్టుకుని నేర్పేందుకు దేశమంతా 62 కేంద్రాలు పెట్టారు. ముందు బెల్లం, తర్వాత బెత్తం. 2015 నించి, వాడనివాళ్ళకిచ్చే డబ్బులో కోత. ఇక్కడా ప్రోత్సాహకం పెట్టారు, నెలకి వంద రికార్డులు దాటితే ఆస్పత్రికి ఒక్కోదానికీ ఇరవై రూపాయలని కుర్రాడు చెప్పాడు. అదీ పది పడకలుంటేనే. మాకున్నవి రెండు, ఒకదాని మీద పాత క్యాలెండర్లుంటాయి.

ఆ డాలర్లు తీసుకున్న మేనల్లుడు కొన్నాళ్ళకి ఫోన్లో ఏడుపు. 'మావయ్యా, రోగి మొహం చూడ్డానికి తీరట్లేదు, తెర చూడ్డమే సరిపోతోంది, రాత్రి ఇంటికొచ్చి కూడా టైపు కొట్టడమే' అని. చివరికేం చేశాడనుకున్నావు? పక్కనే కూర్చుని తను చెప్పేవన్నీ రాసిపెట్టేందుకు ఒక మనిషిని జీతానికి పెట్టుకున్నాడు. స్క్రైబ్ అంటారట. రోగికి ఏమొచ్చిందో, డాక్టరేమన్నాడో, ఏ మందు ఎన్నిసార్లో అన్నీ ఆ మనిషే చూసుకుంటాడట. 'ఒరే, దాన్నే కాంపౌండరు అంటారురా' అన్నాను. కోటానుకోట్లు పోసి అమెరికావాళ్ళు 1968 తెనాలికి వచ్చారు.

మా దగ్గర పాత రికార్డులున్నాయా అని కుర్రాడు అడిగాడు. ఉన్నాయి, ఎర్రగుడ్డ అట్ట పుస్తకాలు. పట్టుకొచ్చి ముందు పడేశాను. వాడు తిరగేసి 'ఇవి అప్పుల పద్దులు కదా తాతగారూ?' అన్నాడు. మరేమిటనుకున్నావు! వేమూరాయనకి ఎన్ని పెన్సిలిన్ ఇంజక్షన్లు పడ్డాయో ఆయన బాకీని బట్టే చెప్పచ్చు. బాకీ ఆగిపోతే రోగం తగ్గిందన్నమాట, లేదా మనిషి మారీసుపేట డాక్టరు దగ్గరికి పోయాడన్నమాట. అయితే 1977కి ముందువి చూపించలేకపోయాను. ఆ నవంబరు 19 గాలివానకి పెంకులు లేచిపోయి, పుస్తకాలు నాని, తెల్లారేసరికి ముద్ద. తొమ్మిదేళ్ళ రోగాలూ తొమ్మిదేళ్ళ బాకీలూ కలిసి పోయాయి. రోగాల సంగతి నాకు జ్ఞాపకమే అని చెప్పుకున్నాను. బాకీలైతే అవతలివాళ్ళకి జ్ఞాపకం లేకుండా పోయాయి.

జ్ఞాపకమంటే గుర్తొచ్చింది. కిందటేడు దుగ్గిరాల నించి ఒకావిడ వచ్చింది. డాక్టరమ్మ ఏదో సల్ఫా మందు కొట్టబోతే తెర ఎర్రబడి కుయ్యిమంది. రెండేళ్ళ కిందట అదే మందుకి ఆవిడకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయట. 'బాబాయ్, నీకు గుర్తులేదా?' అంది డాక్టరమ్మ. ఎందుకు గుర్తులేదు, ఆవిడ మొహం గుర్తుంది, అప్పుడు తెచ్చిన పసుపు కొమ్ములు గుర్తున్నాయి, అవి దంపిస్తే ఎంత పొడి అయిందో కూడా గుర్తుంది. దద్దుర్లే గుర్తులేవు.

ఇంకొకటి చెబుతాను, ఇది ఎవరికీ చెప్పలేదు. ఎనభైల్లో ఒకసారి పెద్ద డాక్టరుగారి చీటీలో డయోవాల్ ఉంటే నేను డయోనిల్ అని చదివాను. మొదటిది కడుపుమంటకి, రెండోది చక్కెర జబ్బుకి. చక్కెర లేనివాడు అది మింగితే కళ్ళు తిరిగి పడతాడు, అదృష్టం బాగోకపోతే లేవడు. మాత్రలు చేతికిచ్చేశాను కూడా. గడప దాటుతూ ఆ మనిషి 'ఇది కూడా చప్పరించేదేనా అండీ?' అని అడిగాడు గనక సరిపోయింది. వెనక్కి పిలిచి, 'స్టాకు పాతది' అని అబద్ధమాడి మార్చి ఇచ్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. కొంగ నడక అన్నాను చూడు, అన్నిసార్లూ అంత అందంగా ఉండదు. సరే, వదిలెయ్.

కానీ ఈ కంప్యూటరు మాత్రం తక్కువ తిందా? పోయిన వానాకాలం, పొద్దున పదకొండింటికి నెట్ పోయింది. కరెంటుకి ఇన్వర్టరుంది, నెట్‌కి ఏముంది? బల్ల నిండా జనం. కుర్రాడికి ఫోను చేస్తే 'రీస్టార్ట్ చెయ్యండి' అన్నాడు, వాడికొచ్చిన వైద్యం అదొక్కటే. డాక్టరమ్మ సొరుగంతా గాలించి, పాత కాగితాల బొత్తి తీసి, చేత్తో రాయడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పావుగంటలో మొదటి రోగి మందులషాపు నించి తిరిగొచ్చాడు. 'షాపు కుర్రాడికి అర్థం కాలేదండీ, పెద్దాయన్ని అడగమన్నాడు.' బల్ల బల్లంతా నా వంక తిరిగింది. కళ్ళజోడు తుడుచుకున్నాను. కాగితం అందుకున్నాను. మొదటి మందు పారాసిటమాలు, అది గుడ్డివాడైనా చదువుతాడు. రెండోది... దగ్గరగా పెట్టుకున్నాను, దూరంగా పెట్టుకున్నాను. తండ్రి కొంగ వేరు, కూతురు కొంగ వేరు. ఒక్క అక్షరం కొరుకుడు పడలేదు.

'డాక్టరమ్మకి మంచినీళ్ళిచ్చి వస్తానుండు' అని లోపలికెళ్ళాను. చెవిలో అడిగాను. చెప్పింది. బయటికొచ్చి, గొంతు సవరించుకుని, కాగితం బారెడు దూరంలో పట్టుకుని, గడగడా చదివాను. 'అదీ అనుభవమంటే' అన్నాడు బాకీ వెంకటేశ్వర్లు. కాదనలేదు.

ఈ మాట ఆ కంప్యూటరు కుర్రాడి చెవిన వెయ్యకు, నెలాఖరుకి వస్తాడు. అదుగో, నలభై రెండు, నీదే. లోపలికి పో. ఇంతకీ నువ్వు ఎవరబ్బాయివి?