విమానంలో వోల్టేజీ సమస్య

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్ పోయేవాళ్లు ఎక్కువగా శంషాబాద్‌లో అర్ధరాత్రి విమానాలే ఎక్కుతారు. విమానం రన్‌వే మీదికి చేరిందో లేదో, లోపలి దీపాలు మసకబారతాయి. "కరెంటు వోయింది" అని వెనక సీట్లోంచి ఓ గొంతు. కోతలు తగ్గి ఏండ్లయినా ఆ మాట మా నాలుకను వదల్లేదు.

ఇక సిద్ధాంతాలు మొదలవుతాయి. రైతుబిడ్డలది వోల్టేజీ సిద్ధాంతం: బాయి కాడ మోటరు ఎత్తుకోంగనే ఇంట్ల బల్బు గుడ్డిగైతది గదా, ఇదీ అంతే. పాపం, ఇంజన్ల బలం ముందు ఈ దీపాలు తినేది లెక్కలోకే రాదు. ఆర్టీసీలో తిరిగినవాళ్లది ఇంకోటి: లోపల లైటుంటే డ్రైవర్‌కు అద్దంలో రోడ్డు కనవడదు. బస్సు వరకు అది నిజమే. పైలట్ మాత్రం మూసిన తలుపు అవతల కూర్చుంటాడు. మన లైటు ఆయనకేం అడ్డం?

గుట్టు విప్పింది మా పెద్దబాపు. గోదావరిఖనిలో సింగరేణి బాయి దిగి దిగి రిటైరైన మనిషి, కొడుకును చూసేందుకు దుబాయి బయల్దేరాడు.

"ఎండలకెల్లి బాయిల దిగంగనే ఏం గానరాదు బిడ్డా. జరసేపు ఆగితే కండ్లు అవే సదురుకుంటయ్. గీళ్లు మనకు ముందుగాల్నే అలవాటు జేస్తున్నరు."

అక్షరాలా అంతే. చీకట్లో చూపునిచ్చే కణాలు వెలుగు నుంచి తేరుకుని పూర్తిగా పనిలోకి దిగేందుకు 20, 30 నిమిషాలు పడుతుంది. మొదటి కొన్ని నిమిషాల్లోనే చాలా తేడా తెలుస్తుంది. ఎగిరిన తొలి 3 నిమిషాలు, దిగే ముందటి 8 నిమిషాలు గండమని విమానాలవాళ్ల లెక్క. అప్పుడేమైనా జరిగి దీపాలన్నీ ఆరిపోతే, నేల మీద మెరిసే గీత, తలుపు మీది గుర్తు మన కంటికి ఆనాలి. కిటికీ తెరలు ఎత్తమనేదీ అందుకే: మంట ఏ పక్కనుందో తెలియకుండా తలుపు తీయకూడదు.

సగం తలుపులతోనే 90 సెకన్లలో అందరినీ దించగలమని విమానం చేసినవాళ్లు రుజువు చూపాలి. 2006లో హాంబర్గ్‌లో ఎయిర్‌బస్ ఏ380 నుంచి 873 మంది చీకట్లో 78 సెకన్లకే బయటపడ్డారు. పైనున్న సకినాల డబ్బా దించుకుందామనే మనిషి ఆ 873 మందిలో లేడు కాబోలు.

ఇదంతా విని మావాళ్లు బుద్ధిగా చీకట్లో కూర్చున్నారు. దుబాయి దగ్గర పడ్డాక మళ్లీ దీపాలు తగ్గాయి, కండ్లు సదురుకున్నాయి. చక్రాలు నేలకు తాకాయో లేదో, విమానం ఇంకా ఉరుకుతుండగానే, వరుస వరుసంతా ఫోన్లు భగ్గుమన్నాయి. "దిగినం, దిగినం. నువ్వు యాడున్నవ్?"

పెద్దబాపు టార్చి వేసి సూటిగా నా మొహం మీదికి కొట్టాడు.

"నా చెప్పులు యాడవోయినయ్ రా?"