పదమూడో నెల

పంచాంగంలో ఏడాదికి 12 నెలలు. సెల్ కంపెనీల లెక్కలో 13. వాళ్లకు నెలంటే 28 రోజులే మరి! అధికమాసమైనా దాదాపు మూడేళ్లకోసారి వస్తుంది, ఈ అధిక రీచార్జి మాత్రం ఏటా తప్పదు.

30 రోజుల ప్లాన్ ఒక్కటైనా పెట్టండని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. పెట్టారు, వెతికితే గానీ కనపడని చోట. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్ఎంఎస్‌లకే ప్లాన్ ఇవ్వాలని 2024 డిసెంబరులో మళ్లీ ఆదేశించింది. అవీ వచ్చాయి. కానీ కీప్యాడ్ ఫోన్ పట్టుకెళ్లిన తాతగారికి కొట్టు కుర్రాడు 'రోజుకు 2 జీబీ, ఓటీటీ ఫ్రీ' అంటూ పెద్ద ప్లానే వేస్తాడు. ఆ సినిమాలు తాతగారు ఏ బటన్ నొక్కి చూడాలో!

ఇక చాలు, మారిపోదామని 1900కి 'పోర్ట్' మెసేజ్ కొట్టామా, కంపెనీకి మన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. నిన్నటిదాకా 'లైన్లన్నీ బిజీ' అన్నవాళ్లే 'సార్, మీకోసమే ప్రత్యేక ఆఫర్' అంటూ ఎదురు ఫోన్ చేస్తారు. అన్నట్టు, రీచార్జి అయిపోయినా ఆ మెసేజ్ వెళ్లనివ్వాల్సిందే. 2021లో ట్రాయ్ ఇచ్చిన ఆదేశం అది.