ర్యామ్ ఎంతప్పా?

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర టీ తాగుతూ "మా కంప్యూటర్ శానా స్లో అయిందప్పా" అన్నామంటే చాలు, పక్క బల్ల మీంచి లైనక్స్ అన్న లేస్తాడు. చొక్కా జేబులో పెన్నుండదు, పెన్‌డ్రైవులుంటాయి. "ర్యామ్ ఎంత?" అని ముందు అడుగుతాడు. మన పేరు ఆ తర్వాత.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట పుట్టినోడు కదా, ఏది చూసినా ఎంత తాగుతుందనే లెక్క. విండోస్ 11 కి 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 చిప్పు ఉండాల్సిందేనంటే చెవులు మూసుకుంటాడు. 2025 అక్టోబరు 14న విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసినప్పుడు మాత్రం ఆ ముఖంలో పెండ్లికొడుకు కళ!

అన్న దగ్గర ర్యామ్‌కు తగ్గ లైనక్స్ ఉంటుంది: 4 జీబీకి మింట్, 2 జీబీకి లుబుంటు, అంతకు తక్కువైతే పప్పీ. 2003లో పుట్టిన ఈ పప్పీ మొత్తంగా ర్యామ్‌లోకెక్కి కూర్చుంటుంది, హార్డ్‌డిస్కు చచ్చినా పెన్‌డ్రైవు మీద నడుస్తుంది. 32-బిట్ మిషను కనబడితే అన్న గొంతు పూడుకుపోతుంది. ఉబుంటు ఎప్పుడో వదిలేసింది, డెబియన్ కూడా 13వ వెర్షన్‌తో దానికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. "దిక్కులేనిదాన్ని చేసినారు కదప్పా!"

పని తెలీనోడేం కాదు. ముందు డబ్బా విప్పి, ఫ్యానుకు పట్టిన ఎర్రదుమ్ము బ్రష్షుతో దులిపి, "ఎస్‌ఎస్‌డీ వేయించు" అంటాడు. ఆ మాటతో ఇంటికి పోతే ఊరంతా దండేస్తుంది. పోడు.

చిక్కంతా డీటీపీ అంగట్లో. ఓనరుకు కావాల్సినవి పేజ్‌మేకర్, అను ఫాంట్లు. రెండూ లైనక్స్‌కు రావు. "లైనక్స్‌లోనే వైన్ పెట్టి నడిపిస్తా" అని అన్న కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా కుస్తీ పట్టినా 'శుభలేఖ' అని కొడితే ఇంగ్లీషు అక్షరాలే వరసగా పడుతున్నాయి.

"యూనికోడ్‌కు మారిపో అప్పా."

"ఇన్నేండ్ల కార్డులన్నీ అనులోనే ఉండాయి. మళ్లీ నువ్వు కొట్టిస్తావా?"

ఓనరు నెట్ వైరు పీకేసి, 2014లోనే మైక్రోసాఫ్ట్ వదిలేసిన ఎక్స్‌పీతోనే పని చేసుకుంటున్నాడు. బయటి పెన్‌డ్రైవు తగలనీయనంత కాలం ఆ పనికి అదే మేలు, నా ఓటూ దానికే.

మొన్న అన్న కూతురికి పెండ్లి కుదిరింది. ప్రూఫ్ దిద్దడానికి అదే అంగట్లో, అదే ఎక్స్‌పీ ముందు స్టూలేసుకున్నాడు.

"లైనక్స్‌లో కొట్టమంటావాన్నా?"

"ముహూర్తం దగ్గర పడింది, ఊరికే ఉండప్పా. ముందు ఆ వియ్యంకుడి పేరులో వత్తు సరిచెయ్యి."