కొమ్మకో అర్జీ

ఇంటి ముందు వేపచెట్టు గోడ మీదికి ఒరిగిందా? గొడ్డలి ముట్టకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. చెట్టు మీదే, పెరడూ మీదే, అనుమతి మాత్రం సర్కారుది. అర్జీ పెట్టండి, రుసుము కట్టండి, తనిఖీకొచ్చే సారు కోసం గేటు తీసి ఉంచండి. కొట్టాక బదులు మొక్కలు నాటడమూ మీ వంతే. నియమం మంచిదే, కాదనం. కానీ వానాకాలం ముందు కరెంటోళ్లు నిచ్చెనేసుకొచ్చి, తీగల వైపు కొమ్మలన్నీ నరికి, చెట్టుకు సగం గుండు కొట్టి, ఆ మండలు మీ గేటుకే అడ్డంగా పడేసి పోతారే, వాళ్లకు అర్జీ గిర్జీ ఏమన్నా ఉందా? ఇక హోర్డింగుకు అడ్డొచ్చిన చెట్టుకైతే గొడ్డలితోనూ పనిలేదు. దాని మొదట్లో ఓ రాత్రి యాసిడ్ వాసనొస్తుంది. నెల తిరక్కుండానే నిలువునా ఎండుతుంది. రికార్డులో మాత్రం సహజ మరణమే!