ఒంటి కంబము: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు మెయిడ్‌స్టోన్‌లో, ఒకదానికొకటి ఆనుకున్న వరస ఇళ్లలో మాదొకటి. వెనక పెరడు కూడా ఉంది. పెరడు అన్నది గౌరవవాచకం. నాన్నగారు వచ్చిన మొదటి రోజు వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చి, "ఏరా, పెరడెక్కడ?" అని అడిగారు. అప్పటికే ఆయన దాని నడిమధ్యలో నిలబడి ఉన్నారు.

ఆ జానెడు జాగాలో, కుండీలో, కొమ్మలు లేని ఆపిల్ చెట్టు ఒకటి ఉంది. నాన్నగారు తెనాలిలో ముప్ఫై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఆరు నెలల వీసా మీద ఏప్రిల్‌లో దిగారు. అక్టోబరు మొదట్లో తిరుగు ప్రయాణం కట్టే ముందు, కంచె నుంచి ఊడిన చెక్కముక్క మీద మార్కరు పెన్నుతో ఒక పద్యం రాసి ఆ కుండీలో గుచ్చి వెళ్లారు. పద్యం నిలిచింది గాని వ్యాఖ్య లేని లోటు ఉండిపోయింది.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమ వాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాటిచ్చుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను.

మూలం

కొమ్మ లేని చెట్టు గుంజలా నిలువగా
సీమరేగు కాసె చేతికంద
పక్కయింటి పూవు పలుకరించక యున్న
ఒంటి కంబమునకు నొక్కటేది

ప్రతిపదార్థం

కొమ్మ లేని = పక్కలకు శాఖలు చాపని; చెట్టు = వృక్షము (కుండీలో ఉన్నా వృక్షమే); గుంజలా = పందిరి రాట వలె; నిలువగా = నిటారుగా ఉండగా; సీమరేగు = ఆపిల్; చేతికంద = నిచ్చెనతో పని లేకుండా; కాసె = కాసెను; పక్కయింటి పూవు = పొరుగు చెట్టు పువ్వు; పలుకరించక యున్న = పుప్పొడి పంపకపోయినట్లయితే; ఒంటి కంబమునకు = ఒంటరిగా నిలిచిన ఆ స్తంభానికి; ఒక్కటి = ఒక పండైనా; ఏది = ఎక్కడిది?

తాత్పర్యం

చోటు లేనివాళ్ల కోసం చెట్టు కొమ్మలు వదులుకుంది. తోడు మాత్రం వదులుకోలేదు.

విశేషాలు

కొమ్మ లేని: దీన్ని అతిశయోక్తి అని పొరబడతారు. అచ్చమైన స్వభావోక్తి. కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని కెలోనా దగ్గర, విజ్సిక్ అనే ఆయన తోటలో (ఆ పేరు పలకడం ఎవరి నోటి పుణ్యం వారిది) దాదాపు యాభై ఏళ్ల వయసున్న మెకింటాష్ ఆపిల్ చెట్టు ఉండేది. 1960ల్లో దాని తల మీద ఒక కొమ్మ అటూ ఇటూ చూడకుండా, కణుపు మీద కణుపు దగ్గర దగ్గరగా పేర్చుకుంటూ నిలువునా పోయింది. దాన్ని అంటు కడితే చెట్టు చెట్టంతా అలాగే వచ్చింది. మెకింటాష్ అంటే కంప్యూటరు గుర్తొచ్చేవాళ్లకు ఒక మాట: కంప్యూటరుకు పేరిచ్చింది ఈ పండే. 1811 ప్రాంతంలో ఆంటారియోలో జాన్ మెకింటాష్ అనే రైతు పొలం బాగు చేసుకుంటుంటే దొరికిన మొక్క దాని మూలపురుషుడు.

ఈ నిలువు బుద్ధి ఎక్కడిదో 2010ల్లో పట్టుకున్నారు. ఆపిల్ పదో క్రోమోజోములో ఒకచోట, ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన డీఎన్‌ఏ ముక్క ఒకటి చొరబడి కూర్చుంది. ఉన్న అక్షరాన్ని తీసేసి దాని స్థానంలో కూర్చుంటే ఆదేశం, ఉన్నదాన్ని ఉండనిచ్చి పక్కన సర్దుకుంటే ఆగమం అని వ్యాకరణం. ఆదేశం శత్రువులా వస్తుంది, ఆగమం మిత్రుడిలా వస్తుంది అని మేష్టార్లు చెబుతారు. ఇది ఆగమం. చిన్న పెరళ్ల వాళ్ల పాలిట మిత్రుడే. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి నుంచి సంక్రమించినా చాలు, పిల్ల గుంజలా పెరుగుతుంది.

మా ఊరి పక్కనే ఈస్ట్ మాలింగ్‌లో పండ్లతోటల పరిశోధన కేంద్రం ఉంది. 1913 నాటిది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఆపిల్ అంటు కట్టినా కింద వేరుమొక్క వీళ్ల పేరు మోసేది అయ్యే అవకాశం ఎక్కువ. వాళ్లే ఈ కెనడా గుణాన్ని వేరే ఆపిళ్లతో కలిపి 1980ల చివర్లో బాలెరీనా చెట్లు అని అమ్మకానికి తెచ్చారు. బొలెరో, పోల్కా, వాల్ట్జ్, ఫ్లెమెంకో, అన్నీ నాట్యాల పేర్లు. ఎర్రపూల పుల్లకాయ రకానికి మేపోల్ అని పెట్టారు, అంటే చుట్టూ చేరి నాట్యమాడే స్తంభం. మాది వాల్ట్జ్. పట్టీ చదివి నాన్నగారు, "చేతులే లేవు, దీనికి నాట్యం పేరేమిటమ్మా?" అన్నారు. "తల ఊపుతుందేమో మామయ్యగారూ" అంది మా ఆవిడ.

గుంజలా నిలువగా: ఈ ఉపమ ఆగస్టులో ఒక రాత్రి గాలికి పడిపోయింది. ఎనిమిదడుగుల చెట్టు, నలభై అయిదు సెంటీమీటర్ల కుండీ. పైన కాయల బరువు. తెల్లారి చూస్తే చెట్టు గులకరాళ్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది, కుండీ అంచు నెలవంకలా విరిగింది. నాన్నగారు వేపపుల్ల కోసం వెతుకుతూ బయటికి వచ్చి (ఆయనకు రోజూ అదొక ఆశ) ముందు ఆయనే చూశారు. ఇద్దరం లేపి నిలబెట్టి పక్కన కర్ర పాతి కట్టాం. గుంజకు గుంజ కట్టడం పునరుక్తి దోషం అని ఆయనే ఒప్పుకున్నారు. కుండీలో పోసే మట్టి తేలికపాటి ఎరువుపొట్టు కాకుండా బరువైన మట్టి మిశ్రమం అయి ఉండాలని అప్పుడు తెలిసింది. ఇక్కడ జాన్ ఇన్నెస్ మూడో రకం అని సంచుల్లో అమ్ముతారు.

లేపేటప్పుడు దగ్గరగా చూశాను. మట్టికి బెత్తెడు పైన మోకాటి చిప్పలాంటి ఉబ్బు ఉంది. అంటు కట్టిన చోటు. కింద ఒక జాతి, పైన ఒక జాతి. ఆ ఉబ్బును మట్టిలో పూడ్చకూడదు. పూడిస్తే పైజాతి సొంతంగా వేళ్లు వేసుకుని, కింది వేరు అదుపులోంచి బయటపడుతుంది. వేరు కాపురం పెట్టిన కొడుకు లాగా, అన్నారు నాన్నగారు. నేను ఆ ఉపమానాన్ని వ్యాఖ్యానించదలచుకోలేదు.

సీమరేగు: ఆపిలా, యాపిలా అన్న తగువులోకి దిగకుండా కవి పాతమాట వాడాడు. రేగుకు దీనికి చుట్టరికం లేదు. గులాబీది ఆపిల్ కుటుంబమే, రేగుది వేరే గోత్రం. మనం సీమచింతను, సీమమిరపను పిలిచినట్టే ముందొక సీమ తగిలించి ఇంట్లోకి రానిచ్చాం. అయితే సీమ అన్న మాటలో బలం ఉంది. "ఒక పుల్ల తెనాలి పట్టుకుపోనా?" అని అడిగారు నాన్నగారు. చాలా ఆపిల్ రకాలకు చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు తగిలితేనే మొగ్గ నిద్ర లేస్తుంది. తెనాలి అందులో ఒక్క గంట కూడా ఇవ్వదు. "అంటే చలి పడక పోయిన వాళ్లం మేమూ, చలి చాలక పోయేది ఇదీ" అన్నారాయన. అమ్మ ఆయనతో రాకుండా ఉండిపోయింది చలికి జడిసే.

కాసె: భూతకాలం. కాయును అని గాని కాసెడిని అని గాని అనలేదు. ఇక్కడ కవి ద్రష్ట.

ఈ చెట్టుకు కొమ్మలుండవు కాబట్టి కాండం పొడవునా పొట్టి కణుపుల మీదే పూస్తుంది. కణుపుకొక గుత్తి, గుత్తికి అయిదారు పువ్వులు. మే నెలలో చూస్తే పూలజడ వేసినట్టుంది. పిందె పట్టాక గుత్తికి ఒకటి ఉంచి తక్కినవి తుంచేయాలి. నేను కత్తెర తీసుకున్నాను. నాన్నగారు చెట్టుకు అడ్డంగా నిలబడ్డారు. "కడుపుతో ఉన్నదాని మీద కత్తెర పెడతావట్రా?" జూన్‌లో చెట్టు తనంతట తానే కొన్ని రాల్చింది. అయినా ముప్ఫై ఎనిమిది మిగిలాయి. నేను లెక్కపెట్టలేదు, ఆయన రోజూ సాయంత్రం కాఫీ గ్లాసుతో నిలబడి పైకి లెక్కపెట్టేవారు. సెప్టెంబరులో కోస్తే ఒక్కోటి పెద్ద నిమ్మకాయంత. రుచి బాగానే ఉంది, రెండు కొరుకుళ్లలో అయిపోయేది.

మరుసటి ఏడు నాలుగే నాలుగు గుత్తులు పూసి, ఒక్క కాయ కూడా నిలవలేదు. చెట్టు అలిగిందేమీ కాదు. వచ్చే ఏటి పూమొగ్గలు ఈ ఏటి ఎండాకాలంలోనే తయారవుతాయి. అదే సమయానికి కాయల్లోని గింజలు జిబ్బరెల్లిన్ అనే హార్మోను వదులుతూ ఆ మొగ్గల్ని అణచేస్తాయి. కాయలు ఎక్కువైతే గింజలు ఎక్కువ, గింజలు ఎక్కువైతే వచ్చే ఏటికి పూత తక్కువ. మామిడి తోటల వాళ్లకు ఏడు విడిచి ఏడు కాపు కొత్త కాదు. ఈ నిలువు చెట్లకు ఆ జబ్బు మరీ ఎక్కువ. ముప్ఫై ఎనిమిది పిందెల్ని బతికించిన దయ వచ్చే ఏటి కాపునంతా మింగింది. ఫోన్లో చెబితే నాన్నగారు, "నేను కాసె అనే రాశాను" అన్నారు.

చేతికంద: ఎవరి చేతికి? కవి కర్తను చెప్పలేదు. మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా కాస్తుంది గనుక మనుషుల చేతికని సంప్రదాయార్థం. మా పెరట్లో బూడిదరంగు ఉడుతలున్నాయి. వాటికీ చేతులే. ఇంత చాలు.

పక్కయింటి పూవు: ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. చిక్కూ ఇక్కడే ఉంది.

ఆపిల్ పువ్వు తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. అదే రకం చెట్లు పది పక్కపక్కన నాటినా అన్నీ ఒకే అంటు పిల్లలు గనుక సగోత్రమే, సంబంధం కుదరదు. వేరే రకం కావాలి, అదీ అదే వారంలో పూయాలి. నడుమ రాయబారి తుమ్మెద. కావ్యాల్లో వందల ఏళ్లు ఊరికే ముసిరిన తుమ్మెద ఇక్కడ నిజంగా పని చేస్తుంది. ఏప్రిల్ చలిలో తేనెటీగలు గడప దాటని రోజున కూడా ఈ దేశపు బొద్దు తుమ్మెద బొచ్చుకోటు వేసుకుని తిరుగుతుంది.

కంచె అవతల ఎనభై దాటిన పెద్దావిడ ఉంటారు. ఆవిడకు బ్రామ్లీ ఆపిల్ చెట్టుంది. ఆవిడ రోజూ పొద్దున కంచె మీదుగా హలో అనేవారు. నాన్నగారు నమస్కారం అనేవారు. తర్వాత వాతావరణం గురించి చెరొక భాషలో మాట్లాడుకుని పూర్తిగా ఏకీభవించేవారు. సెప్టెంబరులో బ్రామ్లీలు సంచీడు పంపారు. పచ్చటి, పిడికిలికి పట్టని, పళ్లు జివ్వుమనే పులుపు కాయలు. మా ఆవిడ వాటిని పప్పులో వేసింది, మిగిలినవి ముక్కలు కోసి ఆవపిండి కలిపి జాడీలో పెట్టింది. టెంక లేని ఆవకాయను ఆవకాయ అనవచ్చునా అన్నది వేరే శాస్త్రం.

కాబట్టి పక్కయింటి పూవు అంటే బ్రామ్లీ అని నేనూ మొదట అర్థం చెప్పుకున్నాను. అన్వయం కుదరదు. బ్రామ్లీకి క్రోమోజోములు రెండు వరసలు కావు, మూడు. పదిహేడు రెళ్లు ముప్ఫై నాలుగు ఉండాల్సింది, పదిహేడు మూళ్లు యాభై ఒకటి ఉంటాయి. బేసి వరసను సమంగా పంచుకోలేక దాని పుప్పొడి దాదాపు వట్టిపోతుంది. తాను కాయడానికి పక్కవాళ్ల పుప్పొడి పుచ్చుకుంటుంది, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. దాని చరిత్రే అంత. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే పిల్ల గింజ నాటితే, తర్వాత ఆ ఇల్లు కొనుక్కున్న బ్రామ్లీ అనే కసాయి పేరు చెట్టుకు స్థిరపడింది.

మరి పలకరించింది ఎవరు? వీధి చివర, బస్సు ఆగే చోట, ఎవరూ నాటినట్టు గుర్తులేని పుల్లకాయల క్రాబ్ ఆపిల్ ఒకటుంది. అది విరగబూస్తుంది, వారాల తరబడి పూస్తుంది, దాని పుప్పొడి అందరికీ పనికొస్తుంది. అప్పుడు పక్కయింటి అన్న మాట చెల్లుతుందా? చెల్లుతుంది. గంగలో గొల్లపల్లె అంటే పల్లె నీళ్లలో ఉందని ఎవరూ అనుకోరు, ఒడ్డున ఉందని లక్షణావృత్తితో అర్థం చెప్పుకుంటారు. అలాగే పక్కయిల్లు అంటే తుమ్మెదకు పక్కయిల్లు. దాని లెక్కలో మా వీధంతా ఒక లోగిలి.

పాఠాంతరం: చలికాలం వానలకు పలుకరించక అన్నదానిలో రిం కరిగిపోయింది. ఇప్పుడు పలుక చక అని ఉంది. చెక్క మూల ఉడుత కొరికింది. మూలాన్ని నేను ఫోనులో తీసి పెట్టుకున్న ఫోటో నుంచి ఉద్ధరించాను.

ఛందస్సు, శ్లేష: వ్యాఖ్య ఇంతవరకు వచ్చాక అమ్మకు ఫోను చేసి పద్యం చదివి వినిపించాను. తెనాలిలో అప్పుడు రాత్రి తొమ్మిది. అంతా విని, "పక్కయింటి పూవు ఎవర్రా?" అంది.

క్రాబ్ ఆపిల్ అన్నాను. గంగ, గొల్లపల్లె చెప్పాను. బ్రామ్లీకి యాభై ఒక్క క్రోమోజోములని చెప్పాను. ఆవిడకు ఎనభై దాటాయని కూడా చెప్పాను.

"కొమ్మ అంటే ఆడమనిషని కూడా అర్థం ఉంది, నీకు తెలీదా? కొమ్మ లేని, ఒంటి కంబం." కాసేపు ఆగింది. "చలికోటు కొనుక్కుని నేనూ రావాల్సిందే." మళ్లీ ఆగి, "ఆ చెట్టును ఏమంటారన్నావు?" అంది.

"బాలెరీనా."

"అంటే?"

"నాట్యం చేసే ఆవిడ."

"పద్యం ఏమిటి, తేటగీతా?"

కాదు, ఆటవెలది అన్నాను. అన్న తర్వాత వినిపించింది నాకు నా మాటే. ఆట, వెలది. ఇన్ని విశేషాలు రాసిన వాణ్ని, పద్యం పేరులోనే చెట్టు పేరుందని చూసుకోలేదు.

"ఏం, మీ నాన్నకు తేటగీతి రాదా?" అంది అమ్మ. వెనకాల ఎవరో టీవీ శబ్దం పెంచారు.