క్రిస్మస్‌కు సిద్ధపడకండి

ఈ ఏడు క్రిస్మస్‌కు ఇంటికి రంగులు వేయించే పని సగంలో ఆపేయండి. పనివాళ్ళకు ఒప్పుకున్న కూలి మొత్తం ఇచ్చి పంపించేసి, వంటింటి గోడ పెచ్చులూడినట్టే ఉండనివ్వండి. డిసెంబరు వస్తే చాలు, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు బూజు కర్ర పట్టుకుంటారు. పరదాలు ఉతికి, ఇత్తడి తోమి, కజ్జికాయలూ గులాబీ పువ్వులూ వండి డబ్బాలకెత్తేసరికి 24 రాత్రి అవుతుంది. ఆరాధనలో కూర్చోగానే కళ్ళు మూతలు పడతాయి. మరియమ్మకు కాన్పు వేళకు ఉయ్యాల లేదు, సత్రంలో చోటు లేదు, మంత్రసాని వచ్చిందని లూకా రాయలేదు. ఏదీ అమరని చోట పుట్టిన బిడ్డను తలచుకోవడానికి అన్నీ అమర్చుకుని అలసిపోవడం నాకు ఏ మాత్రం నచ్చదు. నేను చెప్పేవి తలకిందులుగా కనిపిస్తాయి. అయినా చేసి చూడండి.

పశువుల పాకను హాలు మూలన అందంగా పెట్టకండి. నడవలో, అందరి కాళ్ళకూ అడ్డంగా పెట్టండి. పోయేవాళ్ళు చూసుకుని దాటాలి, పిల్లాడి కాలు తగిలి గొర్రె ఒకటి దొర్లిపోవాలి, దాన్ని ఎవరో ఒకరు వంగి తీసి పెట్టాలి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ క్రిస్మస్ రాత్రికి గడ్డి తెప్పించి, ప్రాణమున్న ఎద్దునూ గాడిదనూ కట్టేయించాడు. సువార్తల్లో ఆ రెండూ లేవు, యెషయా మొదటి అధ్యాయంలోంచి వచ్చి చేరాయి. ఉండనివ్వండి, పాపం. జ్ఞానులను మాత్రం పాకలోకి రానివ్వకండి. వాళ్ళు ముగ్గురని మత్తయి చెప్పలేదు, ఇంటికి వచ్చారన్నాడే తప్ప పాకకు వచ్చారనలేదు. ఎంతమంది ఉంటే అంతమందినీ ఫ్రిజ్ మీద నిలబెట్టి, అక్కడినుంచి రోజుకు కాస్త జరుపుతూ జనవరి 6కు చేర్చండి. జ్ఞానులేరీ అని చుట్టాలడిగితే, దారిలో ఉన్నారని పిల్లలు చెప్పాలి.

క్యారల్స్ వాళ్ళకు గేటు దగ్గరే కవరిచ్చి పంపేయడం మానండి. అందరి ఇళ్ళూ అయ్యాక ఆఖరున మా ఇంటికి రండని ముందే చెప్పండి. రాత్రి రెండింటికి వస్తారు. రానివ్వండి. పడుకున్న పసివాళ్ళను కూడా లేపండి. బాలింత ఉన్న ఇంటికి అర్ధరాత్రి చెప్పాపెట్టకుండా మగవాళ్ళ గుంపు వస్తే మన పెద్దవాళ్ళు ఊరుకుంటారా? గొల్లలు అలాగే వచ్చారు, మరియమ్మ రానిచ్చింది. టీ పెట్టి, వాళ్ళను కూర్చోబెట్టి, ఇంకో పాట పాడించుకోండి. పక్కింటి వాళ్ళకు నిద్ర చెడితే వాళ్ళకూ ఒక గ్లాసు ఇవ్వండి.

సండే స్కూలు డ్రామాలో తొట్టెలో బొమ్మను పెట్టకండి. నెలల బిడ్డను పడుకోబెట్టండి. ఏడుస్తుంది. గాబ్రియేలు మాట ఎవరికీ వినపడదు. తల్లిని బయటికి పంపకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. 24 రాత్రి కుటుంబ ప్రార్థనలో లూకా రెండో అధ్యాయం చదవకండి, మత్తయి మొదటి అధ్యాయం మొదటి పదిహేడు వచనాలు చదవండి. అందరూ దాటేసే వంశావళి అది. పిల్లల చేత పైకి చదివించండి. జెరుబ్బాబెలు దగ్గర నాలుక తడబడుతుంది, నవ్వుతారు, నవ్వనివ్వండి. పద్నాలుగేసి తరాలు మూడుసార్లు లెక్కపెట్టిన ఆ జాబితాలో తామారు ఉంది, రాహాబు ఉంది, మోయాబునుంచి వచ్చిన రూతు ఉంది, ఊరియా భార్య ఉంది. పెళ్ళి సంబంధం చూసేటప్పుడైతే మనం దాచిపెట్టే పేర్లన్నీ మత్తయి మొదటి పేజీలోనే రాశాడు. పిల్లలు వాళ్ళెవరని అడిగితే వయసుకు తగ్గట్టు నిజమే చెప్పండి.

అది అయ్యాక మీ వంశావళి చెప్పండి. మనలో చాలామంది ఇళ్ళల్లో నాలుగైదు తరాల వెనక ఒక మాలవాడో మాదిగవాడో మొదట నమ్మాడు. ఒంగోలు ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని తన వాళ్ళ మధ్య తిరిగి చెప్పాడు కాబట్టి ఆయన పేరు పుస్తకాల్లో నిలిచింది. మీ ముత్తాత పేరు ఏ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు. ఏ ఊరి చెరువులో మునిగాడో, ఏ దొర దగ్గర పాలేరుగా ఉన్నాడో, ఆయన భార్యకు అక్షరాలు నేర్పిన బైబిలు స్త్రీ ఎవరో నాయనమ్మను అడగండి. ఆమెకు తెలిసింది ఆ రాత్రే రాసుకోండి. కులం పేరు దగ్గర గొంతు తగ్గించకండి. భోజనం ఆలస్యమవుతుంది, బిరియాని చల్లారుతుంది. చల్లారనివ్వండి.

తెల్లారాక పండగ భోజనానికి ఏటా పిలిచేవాళ్ళను ఈసారి పిలవకండి. వాళ్ళు కినుక వహిస్తారు, వహించనివ్వండి. మెదక్ చర్చి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకు పనీ తిండీ దొరకాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన గుడి అది. అలాగే పండగ పూట మిమ్మల్ని తిరిగి పిలవలేని వాళ్ళే మీ విస్తళ్ళ ముందు కూర్చోవాలి. మీ వీధి ఊడ్చే ఆమెను ఇంటిల్లిపాదితో రమ్మని వారం ముందే చెప్పండి, ఆమె కూర్చున్నాక మీరూ పక్కనే కూర్చుని తినండి.

పాకను జనవరి 1న తీసేయకండి. ఫిబ్రవరి 2 దాకా, నలభై రోజులు ఉంచండి. అప్పటికి గడ్డి రాలి నడవంతా పడుతుంది, స్టారు వెలిసిపోతుంది, వీధిలో వాళ్ళు అడుగుతారు. నలభై రోజులకు మరియ యోసేపులు బిడ్డను ఆలయానికి తీసుకెళ్ళినప్పుడు, గొర్రెపిల్లను కొనలేని వాళ్ళకు ధర్మశాస్త్రం ఒప్పుకున్న పక్షుల జతను ఇచ్చారు. ఆ రోజు ఉదయం గడ్డి ఊడ్చేసి, మీ చుట్టుపక్కల ఏ పేద బాలింత ఉందో కనుక్కుని, కొత్త పొత్తిగుడ్డలూ నెలకు సరిపడా పాల డబ్బులూ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళండి.