పేరూ ఊరూ లేని బొమ్మలు

మా రోజుల్లో ఛత్తీస్‌గఢ్‌లోని మా ఉసూర్ సంతలో బొమ్మ కొంటే, అది చేసినవాడి మొహం మాకు తెలిసేది. కుమ్మరి మట్టి ఎద్దులు తెచ్చేవాడు, వడ్రంగి బొంగరాలు తెచ్చేవాడు. ములికి ఊడిందంటే పై సంతకు తీసుకెళ్లి అతని ముందే పెట్టేవాళ్లం. "ఇదేం పనయ్యా?" అంటే మారుమాట లేకుండా ఇంకోటి ఇచ్చేవాడు. గిలక్కాయలో ఎవరైనా గురివింద గింజలు పోయబోతే మా అమ్మమ్మ చేతిలోంచి లాక్కునేది. అవి విషమని అడవి పక్కన పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా?

ఇప్పుడు టార్పాలిన్ మీద కుప్ప పోసి "ఏదైనా ముప్పై" అంటున్నారు. మొన్న మా మనవడికి కొన్న లైటు బండి తిప్పి చూశాను. బ్యాటరీ మూతకు స్క్రూ లేదు. గోటితో నొక్కగానే ఊడొచ్చి, చొక్కా గుండీలంత బ్యాటరీలు మూడు చాప మీద దొర్లాయి. నా గుండె ఝల్లుమంది. అలాంటిది పిల్లవాడి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. ఇక్కణ్ణుంచి ఆవాపల్లి మీదుగా బీజాపూర్ ఆసుపత్రికి చేరేసరికి ఆ గడువులో ఎంత మిగులుతుంది? అట్ట మీద కంపెనీ పేరు లేదు, ఐఎస్ఐ గుర్తు లేదు. అమ్మినవాడు మళ్లీ సంతలో కనిపించలేదు.

నా భయం ఉత్తదేం కాదు. 2017లో ఏలూరులో నాలుగేళ్ల బాబు చిప్స్ ప్యాకెట్లో వచ్చిన చిన్న ప్లాస్టిక్ బొమ్మ మింగి ప్రాణం పోగొట్టుకున్నాడు. తినేదాంట్లో బొమ్మ వేయాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో!

చట్టం లేక కాదు. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించే అధికారం 2019 వినియోగదారుల చట్టంలో ఉంది. 2007లో మాటెల్ అనే బొమ్మల కంపెనీ సీసం రంగు వల్ల, ఊడిపోయే అయస్కాంతాల వల్ల లక్షల బొమ్మలు వెనక్కి తీసుకుంది. ఆ కంపెనీకి పేరుంది, అడ్రసుంది, అందుకే తీసుకోక తప్పలేదు. మా సంతలో బొమ్మను ఎవరికని తిప్పి పంపాలి?

2023 జనవరి నాటికి అధికారులు ఎయిర్‌పోర్టుల్లో, మాల్స్‌లో సోదా చేసి గుర్తు లేని బొమ్మలు 18,600కు పైగా పట్టుకున్నారు. మంచి పనే. ఆ అధికారుల జీపులు ఉసూర్ దాకా రావాలి. అవి వచ్చేలోగా పై సంతకు నేనే వెళ్లి అలాంటి టార్పాలిన్ పక్కన కూర్చుంటాను. బొమ్మ చేతిలోకి తీసుకున్న ప్రతి తల్లికీ బ్యాటరీ మూత ఎలా ఊడుతుందో చూపిస్తాను.